నూరెంబర్గ్‌లో గడియారం చూసి తినాలి

నేను జర్మనీలోని నూరెంబర్గ్‌లో దిగింది 2025 సెప్టెంబరు చివర్లో, ఒక శనివారం సాయంత్రం. గదికి చేరి, సూట్‌కేసు విప్పి, అమ్మ పెట్టిన కందిపొడి డబ్బా మూత ఊడలేదని చూసుకుని, బియ్యం కొందామని కిందికి దిగేసరికి ఎనిమిదీ పది. వీధి చివర సూపర్‌మార్కెట్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. లోపల ఒకాయన నేల తుడుస్తున్నాడు. తలుపు మాత్రం తెరుచుకోలేదు. అద్దం అవతల నుంచి ఆయన నా వంక జాలిగా చూసి, తలుపు మీద అంటించిన వేళల కాగితాన్ని వేలితో చూపించాడు. సర్లే, పొద్దున్నే వచ్చి కొనుక్కుందాం అనుకున్నాను. పొద్దున్నే అంటే ఆదివారం. ఈ ఊరున్న బవేరియా రాష్ట్రంలో ఆదివారం దుకాణాలు తెరవరు, మిగతా ఆరు రోజులూ రాత్రి ఎనిమిదికల్లా కట్టేస్తారు. ఆ రోజంతా కందిపొడి, కుళాయి నీళ్ళు, విమానంలో ఇచ్చిన రెండు బిస్కెట్ల మీద నడిచింది. రైల్వేస్టేషన్ లోపలి దుకాణాలు ఆదివారం కూడా తీసే ఉంటాయని సాయంత్రం పక్కగది అమ్మాయి చెప్పింది. అప్పటికి ఆకలి కూడా చచ్చిపోయింది.

ఎక్స్‌చేంజ్ సెమిస్టర్‌కి నూరెంబర్గ్ వచ్చేవాళ్ళకి ఎక్కడ ఏముందో ఫోనే చెప్తుంది. ఏది ఎప్పుడు అన్న దగ్గరే నేను ప్రతిసారీ బోల్తా పడ్డాను. ఇక్కడ చేపకి నెలలున్నాయి, మ్యూజియానికి వారాలున్నాయి, గడియారంలో బొమ్మలకి నిమిషాలున్నాయి. అందుకే ఇదంతా వేళల లెక్కన రాస్తున్నాను.

మొదటి వారం, వంటిల్లు

శనివారం దిగేట్టయితే మధ్యాహ్నానికే చేరేలా చూసుకోండి. కుదరకపోతే సామాను గదిలో పడేయకముందే స్టేషన్‌లోనే బ్రెడ్డు, పాలు, నాలుగు అరటిపళ్ళు కొనేయండి. స్టేషన్‌లో ధర కాస్త ఎక్కువే, ఒక్కరోజుకి ఏం కాదు. నీళ్ళు కొనకండి. కుళాయి నీళ్ళు హాయిగా తాగొచ్చు.

ఏమీ తోచక ప్లాస్టిక్ బాటిల్ కొన్నారే అనుకోండి, దాన్ని నలపకండి, పారేయకండి. ఒక్కసారి వాడి పారేసే ఒక్కో ప్లాస్టిక్ బాటిల్‌కీ, డబ్బాకీ 25 సెంట్లు అదనంగా కట్టించుకుంటారు. దీన్ని ఫాండ్ అంటారు. ఖాళీది తీసుకెళ్ళి సూపర్‌మార్కెట్లో గోడకున్న మెషిన్ నోట్లో పెడితే చీటీ వస్తుంది, ఆ చీటీ కౌంటర్లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు. గాజు బీరు సీసాకైతే 8 సెంట్లే. మా ఫ్లోర్‌లో పార్టీ అయిన మర్నాడు సీసాలన్నీ నేనే మోసేదాన్ని. సిగ్గేం పడలేదు, ఒకసారి ఆరు యూరోల దాకా వచ్చింది.

కూరగాయలకి రెండు దార్లు. ఒకటి, స్టేషన్‌కి దక్షిణాన ఉన్న సూడ్‌స్టాట్‌లోని టర్కీ దుకాణాలు. కొత్తిమీర ఇక్కడ కట్టలుగా దొరుకుతుంది, సూపర్‌మార్కెట్లోలా చిన్న కుండీలో నాలుగు రెబ్బలు కాదు. పచ్చిమిర్చి, పుదీన, శనగలు, 10 శాతం వెన్న ఉన్న గట్టి పెరుగు కూడా ఉంటాయి. ఆ పెరుగుతో పెరుగన్నం కలిపితే ఇల్లు గుర్తొస్తుంది. ఐరాన్ అని కప్పుల్లో అమ్ముతారు, అచ్చంగా ఉప్పు మజ్జిగే. రెండోది, ఊరి నడిబొడ్డున హాప్ట్‌మార్క్ట్ అనే చౌకులో జరిగే సంత. నూరెంబర్గ్‌కి ఉత్తరాన క్నోబ్లౌఖ్స్‌లాండ్ అని కూరగాయలు పండించే నేల ఉంది. పేరుకి అర్థం వెల్లుల్లి సీమ. అక్కడి ముల్లంగి, క్యాబేజీ, ఆకుకూరలు నేరుగా ఈ సంతకొస్తాయి. ఒక్కమాట: కూరలు చేత్తో ఏరకండి. నేను టమాటా నొక్కి చూశానని బండి దగ్గర పెద్దావిడ "హల్లో!" అని అరిచింది. మీరు చూపించాలి, ఆవిడ ఏరి ఇస్తుంది. పుచ్చులేం రాలేదు, నిజం చెప్పాలి.

తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరిచి, వంటగది తలుపు మూసుకోండి. ఎండుమిర్చి ఘాటుకి పొగ అలారం మోగితే మెట్ల మీద అందరూ పైజమాల్లో నిలబడాల్సి వస్తుంది. నావల్ల ఒకసారి నిలబడ్డారు.

అడగాల్సిన ప్రశ్న "మాంసం ఉందా" ఒక్కటే కాదు

మా ఫ్లాట్‌లో ఇంకో తెలుగమ్మాయి ఉండేది, వరంగల్ వైపు. నాకంటే మూడేళ్ళు పెద్ద కాబట్టి అక్కా అనేదాన్ని. గుడ్డు కూడా ముట్టదు. నేనేమో బీఫ్ తప్ప అన్నీ తింటాను. మేమిద్దరం కలిసి హోటల్‌కి వెళ్తే వడ్డించేవాళ్ళకి ఒక పరీక్షే.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం అక్క మెనూలో చివరి వరసలో క్లోస్ మిట్ జోస్ అని చూసింది. బంగాళాదుంప ఉండ, పైన గ్రేవీ. అన్నిటికంటే చవక. "మాంసం లేదు కదా?" అని అడిగితే, "లేదు లేదు" అందావిడ. వచ్చింది. టెన్నిస్ బంతి కంటే పెద్ద తెల్లటి ఉండ, చుట్టూ గోధుమరంగు చిక్కటి పులుసు. ఉండని చీలిస్తే మధ్యలో వేయించిన బ్రెడ్డు ముక్కలు. అక్క రెండు చెంచాలు తిని, "ఏంటే ఇంత కమ్మగా ఉంది" అంది. నాకు అనుమానమొచ్చి మళ్ళీ పిలిచి అడిగాను. పంది మాంసం కాల్చినప్పుడు కారిన రసంతో చేసిన గ్రేవీ అట! ఆవిడ అబద్ధం చెప్పలేదు, పళ్ళెంలో మాంసం ముక్క లేదు మరి. అక్క ఆ రోజు సాయంత్రం దాకా మాట్లాడలేదు.

అప్పట్నించి మా ప్రశ్న మారింది. మీరూ ఇదే నేర్చుకోండి: "ఇష్ ఎస్సె కైన్ ఫ్లైష్, కైనెన్ ఫిష్, కైనె ఐయర్." మాంసం, చేప, గుడ్లు తిననని. తర్వాత వేలు పెట్టి మూడు విడివిడిగా అడగాలి. జోస్ (గ్రేవీ) దేంతో చేశారు? ష్పెక్ (పంది కొవ్వు ముక్కలు) వేశారా? ఫ్లైష్‌బ్ర్యూయె (మాంసం ఉడికించిన నీళ్ళు) పోశారా? ఈ మూడోది ఎందుకంటే ఇక్కడి బంగాళాదుంప సలాడ్‌లో మయొనీజ్ వెయ్యరు, సూపు పోసి కలుపుతారు. పుల్లటి క్యాబేజీ సావర్‌క్రౌట్‌లోనూ కొవ్వు పడుతుంటుంది. బీఫ్ తిననివాళ్ళు రిండ్, కల్బ్ అన్న మాటలు గుర్తుపెట్టుకోండి. మొదటిది ఆవు, రెండోది దూడ. ష్వైన్ పంది, హేన్షెన్ కోడి. డోనర్ (కడ్డీకి గుచ్చి కాల్చే మాంసం) కొట్టులో రెండు కడ్డీలు తిరుగుతుంటే ఒకటి సాధారణంగా కోడే, అయినా అడిగే తినండి.

శాకాహారం తినేవాళ్ళకి ఇక్కడి వంటల్లో నమ్మకమైనవి నాలుగే నాలుగు: చీజ్ కలిపి వేయించిన ఉల్లిపాయలు చల్లిన కేజెష్పెట్స్లె (గుడ్డు ఉంటుంది జాగ్రత్త), పుట్టగొడుగుల క్రీముతో ఇచ్చే బ్రెడ్డు ఉండలు (వీటిలోనూ గుడ్డు), వెన్నా చీజూ మిరపపొడీ కలిపి మెదిపిన ఒబాట్స్‌డా, ముడి ఆకారంలో కాల్చే రొట్టె బ్రెత్సెల్. అక్క లాంటివాళ్ళకి చివరి రెండే. అందుకే అక్క ఎక్కువగా ఫలాఫెల్ (శనగల వడ) మీద బతికింది. యూనివర్సిటీ క్యాంటీన్, అంటే మెన్సా, చాలా నయం. ప్రతి వంట పక్కనా గుర్తులుంటాయి, వీగన్ వంట రోజూ ఒకటైనా ఉంటుంది. పదకొండున్నరకే వెళ్ళండి. ఒంటిగంట దాటితే క్యూ తగ్గుతుంది, గిన్నెలూ ఖాళీ అవుతాయి. క్యూలో ముక్కూమొహం తెలియనివాళ్ళు "మాల్‌త్సైట్" అంటే కంగారుపడకండి. భోజనం వేళ పలకరింపు అది, మీరూ అదే మాట తిరిగి అనేయడమే.

హోటల్లో ఇంకో రెండు సంగతులు. వాసర్ అంటే గ్యాస్ నీళ్ళ సీసా తెస్తారు, దానికి డబ్బులు. "ష్టిల్లెస్ వాసర్" అనాలి, అప్పుడు గ్యాస్ లేనివి వస్తాయి. డబ్బులు మాత్రం వాటికీ ఉంటాయి. బిల్లు ఇచ్చేటప్పుడు కలిపా విడివిడిగానా అని అడుగుతారు, విడివిడిగా అంటే ఎవరూ ఏమీ అనుకోరు. టిప్పు బల్ల మీద వదిలి వెళ్ళరు. బిల్లు పదమూడున్నర అయితే డబ్బిచ్చేటప్పుడే "పధ్నాలుగున్నర" అని చెప్తారు, మిగతా చిల్లర ఇచ్చేస్తారు.

వేలంత సాసేజ్

ఇక నా వంతు. మా ఇంట్లో పంది మాంసం తినరు. నేను తిన్నాను, ఈ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.

నూరెంబర్గ్ సాసేజ్ అంటే 7 నుంచి 9 సెంటీమీటర్ల పొడవు, 20 నుంచి 25 గ్రాముల బరువు. వేలంత. అంతకంటే పెద్దదైనా, ఈ ఊరి పొలిమేర బయట చేసినా ఆ పేరు పెట్టుకోడానికి వీల్లేదు, 2003 నుంచి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది. ఎందుకింత చిన్నది అంటే, పూర్వం రాత్రి హోటళ్ళు మూసేశాక తాళం కన్నంలోంచి అందించేవాళ్ళని ఒక కథ చెప్తారు. శనివారం ఎనిమిదీ పదికి అద్దం ముందు నిలబడ్డ మనిషిగా ఆ కథ నాకు బాగా నచ్చింది.

చౌకు చుట్టుపక్కల కొట్లలో "డ్రై ఇమ్ వెగ్లా" అనండి. గుండ్రటి బన్నులో మూడు. నేనున్నప్పుడు నాలుగు యూరోల పైచిలుకు. పొయ్యిలో బీచ్ కట్టెలు మండే చోటే కొనండి, పొగ వాసన బట్టి తెలిసిపోతుంది. కరెంటు పెనం మీద కాల్చేవి దండగ. బన్ను పైన పెళుసుగా, లోపల మెత్తగా ఉండాలి. సాసేజ్ కొనలు రెండు వైపులా బన్ను బయటికి తొంగిచూస్తుంటాయి. ముందు ఆ కొన కొరకండి. తోలు టప్పున తెగుతుంది, తర్వాత మరువం వాసన, ఆఖర్న మిరియం. మరువం మనం మాలల్లో కడతాం కదా, తింటున్నప్పుడు దేవుడి గదిలో పంది మాంసం తింటున్నట్టు ఒక క్షణం అనిపించింది. కూర్చుని పళ్ళెంలో తినేట్టయితే ఆరు, ఎనిమిది, పది, పన్నెండు లెక్కన ఇస్తారు. ఆరు చాలు.

పన్నెండింటికి చౌకులో ఉండండి

ఊరు చూడ్డానికి గైడు అక్కర్లేదు. స్టేషన్ నుంచి కోట దాకా నడక ఇరవై అయిదు నిమిషాలు, ఆగుతూ చూస్తూ వెళ్తే మూడు గంటలు. పదిన్నరకి స్టేషన్ ఎదురుగా ఉన్న గుండ్రటి బురుజు దగ్గర మొదలుపెట్టండి. పాతూరి చుట్టూ దాదాపు అయిదు కిలోమీటర్ల గోడ ఉండేది, అందులో నాలుగు వరకూ ఇంకా నిలిచే ఉంది. లోపలికి రాగానే నేరుగా వెళ్తే లోరెంజ్ చర్చి. అందులో పైకప్పు నుంచి వేలాడే ఫైట్ ష్టోస్ కొయ్య శిల్పం చూడకుండా రాకండి, మేరీకి దేవదూత శుభవార్త చెప్పే దృశ్యం. ఆ తర్వాత పెగ్నిట్స్ నది మీద వంతెన. కుడివైపు నీళ్ళ మీదికి కట్టిన పాత ధర్మాసుపత్రి కనిపిస్తుంది. ఫోటోలన్నీ అక్కడే తీస్తారు, మీరూ తీసుకోండి.

పన్నెండుకి అయిదు నిమిషాల ముందే హాప్ట్‌మార్క్ట్‌లో ఫ్రావెన్ చర్చికి ఎదురుగా, కాస్త వెనక్కి నిలబడండి. 1509 నాటి గడియారం అది. గంట కొట్టగానే కూర్చున్న చక్రవర్తి చుట్టూ అతన్ని ఎన్నుకునే ఏడుగురు ప్రభువులు మూడు ప్రదక్షిణలు చేస్తారు. చక్రవర్తిని ఎవరెన్నుకోవాలో 1356లో రాసిన శాసనానికి అది గుర్తు. రోజుకి ఒక్కసారే. మొదటిసారి నేను పన్నెండూ అయిదుకి వెళ్ళి ఖాళీ గడియారం చూసి వచ్చాను. ఇంకోటి, ఆ చర్చి ఉన్నచోట ఒకప్పుడు యూదుల ప్రార్థనాలయం ఉండేది. 1349లో 562 మంది యూదుల్ని చంపి, వాళ్ళ పేటని కూల్చేసి ఈ చౌకు వేశారు. బొమ్మలు తిరిగే సంబరం అయ్యాక ఆ సంగతి కూడా తలుచుకోవాల్సిన చోటే ఇది.

చౌకు మూలన గోపురంలా పైకి లేచిన ఫౌంటెన్ ఉంటుంది, ష్యోనర్ బ్రున్నెన్. దాదాపు 19 మీటర్లు. ఇనుప కటకటాల్లో ఒక పసుపు పచ్చ కడియం అతుకు లేకుండా ఇరుక్కుని ఉంటుంది, మూడుసార్లు తిప్పి మొక్కుకుంటే జరుగుతుందట. టూరిస్టులంతా దాని దగ్గరే. స్థానికులు మాత్రం అసలుది అవతలి వైపున్న నల్ల ఇనుప కడియం అంటారు. నేను రెండూ తిప్పాను. ఒక సబ్జెక్ట్ పోయింది, ఒకటి గట్టెక్కింది.

అక్కణ్ణుంచి ఎత్తు మొదలు. కోట ఆవరణలోకి టికెట్ లేదు, అంచున ఉన్న గోడ దగ్గర నిలబడితే ఎర్ర పెంకుల ఊరంతా కాళ్ళ కింద. 1945 జనవరి 2న పడ్డ బాంబులకి ఈ పాతూరు దాదాపు 90 శాతం నేలమట్టమైంది. మీరు చూసే పాత ఇళ్ళలో చాలావరకు మళ్ళీ కట్టినవే. డబ్బు పెట్టి చూడాల్సింది లోతుబావి. రాతిని తొలుచుకుంటూ 50 మీటర్ల దాకా దిగింది. గైడు ఒక చెంబెడు నీళ్ళు వంపి, వేలు నోటి మీద పెట్టుకుంది. అందరం ఊపిరి బిగబట్టాం. ఒకటి, రెండు, మూడు అని మనసులో అనుకున్నాక ఎక్కడో అడుగున చిన్న చప్పుడు. తర్వాత కొవ్వొత్తులు దింపారు. దిగుతూ దిగుతూ చుక్కంతై, ఆ చుక్క కింద ఇంకో చుక్క కనిపించింది. నీళ్ళలో నీడ. మా బ్యాచ్‌లో అన్నిటికీ పెదవి విరిచే కుర్రాడు కూడా అప్పుడు నోరు తెరిచాడు.

కోట దిగితే చిత్రకారుడు డ్యూరర్ 1509 నుంచి 1528లో పోయేదాకా ఉన్న ఇల్లు. దాని ముందున్న వాలు చౌకులో ఎండ కాసిన సాయంత్రం రాళ్ళ మీద చతికిలబడి కూర్చోడమే పని. ఎవరూ లేవమనరు. ఇంకా కిందికి దిగితే వైస్‌గెర్బర్‌గాసె, పాత చెక్క చట్రాల ఇళ్ళ వీధి. చలికాలం ఆ రాళ్ళు జారతాయి, గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి. డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గుంకుతుంది. "మధ్యాహ్నం లేచి వెళ్దాంలే" అనే హాస్టల్ అలవాటు పనికిరాదు.

సోమవారం మూత, మంగళవారం మూత

మ్యూజియాలు చాలావరకు సోమవారం ఉండవు. జర్మానిషెస్ నాషనల్ మ్యూజియంలో 1490ల నాటి మార్టిన్ బెహైమ్ గ్లోబు ఉంది, మిగిలున్న భూగోళపు గ్లోబుల్లో అన్నిటికంటే పాతది. దాని మీద అమెరికా లేదు. ఇండియా ఉంది, కానీ మన తీరం గుర్తుపట్టలేనంత వంకరగా. బుధవారం సాయంత్రం ఉచితం, నేను మూడు బుధవారాలు వెళ్ళాను. మ్యూజియం ముందు వీధిలో తెల్లటి స్తంభాల వరస చూస్తారు. మానవ హక్కుల ప్రకటనలోని 30 అధికరణాలు ఒక్కోదాని మీద ఒక్కోటి చెక్కారు, 1993లో కట్టింది.

న్యాయస్థానం మాత్రం మంగళవారం మూత, నేను మంగళవారమే వెళ్ళాను. నాజీ నాయకుల విచారణ 1945 నవంబరు 20 నుంచి 1946 అక్టోబరు 1 దాకా జరిగిన 600 నంబరు గది ఇక్కడే. యూ1 మెట్రోలో బేరెన్‌షాన్సె స్టేషన్ దగ్గర దిగాలి. గది అనుకున్నదానికంటే చిన్నది, మామూలు చెక్క బల్లలు. అదే నన్ను ఎక్కువ కుదిపింది. నాజీలు సభలు పెట్టిన మైదానం ఊరి ఆగ్నేయాన ఉంది. యాభైవేల మంది కూర్చునేలా మొదలుపెట్టి పూర్తి చెయ్యని గుర్రపునాడా ఆకారపు హాలు, జెప్పెలిన్ మైదానపు రాతి మెట్లు. ఈ రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, అన్నం సహించదు.

మెట్రో గురించి ఒక ముచ్చట. జర్మనీలో మొదటి ఆవిరి రైలు 1835 డిసెంబరు 7న నూరెంబర్గ్ నుంచి పక్కనున్న ఫ్యూర్త్‌కి నడిచింది, ఆరు కిలోమీటర్లు. యూ1 ఇప్పుడు ఇంచుమించు ఆ దారినే వెళ్తుంది. ఆ ఇంజన్ అడ్లర్ నమూనా రైల్వే మ్యూజియంలో ఉంది. యూ3 2008 నుంచి డ్రైవర్ లేకుండా నడుస్తోంది. ముందు అద్దం దగ్గర సీటు దొరికితే సొరంగం మీదికి దూసుకొస్తుంది. పిల్లలతో పోటీపడాలి. స్టేషన్లలో గేట్లుండవు కదా అని టికెట్ మానేయకండి, దొరికితే 60 యూరోలు.

ఆర్ ఉన్న నెలలు

మాది కొల్లేరు పక్క ఊరు. చేపలంటే మాకు చెరువులు, పట్టుబడులు, ఐసు లారీలు. ఇక్కడికొచ్చాక డబ్బాలో చేప తప్ప దొరకదనుకున్నాను. అలాంటిది, నూరెంబర్గ్‌కి వాయవ్యంగా ఐష్ నది పక్కన వేలాది చెరువులున్నాయని, అక్కడ పెంచేది కార్ప్ అని క్లాసులో ఒకమ్మాయి చెప్పింది. కార్ప్ అంటే మన బంగారు తీగే. పేరులో ఆర్ ఉన్న నెలల్లోనే తింటారు, అంటే సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. వేసవి సెమిస్టర్‌కి వచ్చేవాళ్ళకి మొదటి కొన్ని వారాలే గడువు.

నవంబరులో ఒక ఆదివారం రైలెక్కి నాయ్‌ష్టాట్ అన్ డేర్ ఐష్ వెళ్ళాను. పల్లెటూరి హోటల్, గోడలకి జింక కొమ్ములు. "హాల్బర్ కార్ప్ఫెన్, గెబాకెన్" అనాలి. అర చేప, వేయించినది. బ్లౌ అంటే వెనిగర్ నీళ్ళలో ఉడికిస్తారు, మనకి ఎక్కదు. వచ్చిన పళ్ళెం చూసి నవ్వొచ్చింది. తల నుంచి తోక దాకా నిలువునా చీల్చిన సగం చేప, వేడి నూనెలో వంకరతిరిగి పళ్ళెం అంచులు దాటి లేచి నిలబడింది. పిండి పల్చగా పట్టి అప్పడంలా అయింది. ఫోర్కుతో కుస్తీపడుతుంటే పక్క బల్ల పెద్దాయన గొంతు సవరించుకుని, తన రెక్క ముక్క విరిచి కరకరా నమిలి చూపించాడు. ఆయన చేత్తోనే తింటున్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? ఫోర్కు పక్కన పెట్టేశాను. తోకా రెక్కలూ వడియాల్లా ఉంటాయి, ముందు అవి తినండి. వీపు దగ్గర కండలో వై ఆకారం ముళ్ళు ఉంటాయి. ముళ్ళు తీసుకోవడం వచ్చిన చేతులకి ఇబ్బందేం లేదు, రానివాళ్ళు మాట్లాడుతూ తినకండి. కారం లేదు, మా ఊరి పులుసు ముందు నిలవదు. కానీ ఆ కరకర పులుసులో రాదు.

మెనూలో ఇన్‌గ్రైష్ అనే మాట కనపడితే వదలకండి. చేప జన, వేయించి ఇస్తారు. జర్మన్ స్నేహితులు మొహం తిప్పుకున్నారు, నేను రెండోసారి తెప్పించుకున్నాను.

లేచేటప్పుడు పెద్దాయన "బస్స్‌ద్ షో?" అని అడిగాడు. పర్లేదా అని. ఇక్కడివాళ్ళు ఎంత బాగున్నా పర్లేదు అనే అంటారట, అంతకు మించి పొగడ్త లేదు. అన్నట్టు వీళ్ళని బవేరియన్లు అనకండి. ఫ్రాంకన్లు (బవేరియాలోని ఫ్రాంకోనియా సీమవాళ్ళు) అనాలి, లేకపోతే పాఠం చెప్తారు.

రాత్రి అమ్మ ఫోను చేసింది. "ఏం తిన్నావే ఇవాళ?"

"చేప తిన్నానమ్మా."

"ఏం చేప?"

"బంగారు తీగ."

"అంత దూరం పోయి బంగారు తీగా!" అని, పక్కనున్న నాన్నకి వినిపించేలా ఇంకోసారి అంది.

డిసెంబరు, లెబ్‌కూఖెన్

క్రిస్మస్ సంత మొదటి అడ్వెంట్ ఆదివారానికి (క్రిస్మస్ ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిది) ముందు శుక్రవారం మొదలై డిసెంబరు 24తో అయిపోతుంది. ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పులు, చెక్క బడ్డీలు. శనివారం సాయంత్రం అడుగు తీసి అడుగు వెయ్యలేం. సోమ, మంగళవారాల్లో పొద్దున్నే వెళ్ళండి. వేడి వైన్ తాగనివాళ్ళు కిండర్‌పున్ష్ అడగండి, మసాలా వేసిన పళ్ళరసం. కప్పుకి ఫాండ్ కట్టించుకుంటారు, కప్పు నచ్చితే ఇంటికి తెచ్చుకోవచ్చు, ఆ డబ్బు వదులుకున్నట్టు. ఎండు రేగుపళ్ళతో చేసిన మనుషుల బొమ్మలు అమ్ముతారు అనుకున్నాను. దగ్గరికెళ్తే ఎండు ప్లమ్ పళ్ళు.

ఆ సంతలో నన్ను నిలబెట్టేసింది లెబ్‌కూఖెన్ బడ్డీ వాసన. దాల్చినచెక్క, లవంగం, యాలక్కాయ, ధనియాలు. నూరెంబర్గ్ వర్తకులు మన తీరాల నుంచి వచ్చే మసాలా దినుసుల వ్యాపారంలో బాగుపడ్డారు, చుట్టూ అడవిలో తేనె పట్టేవాళ్ళుండేవాళ్ళు. ఆ రెండూ కలిసి ఈ తీపి పుట్టింది. కొనేటప్పుడు ఎలిసెన్ అన్న మాట చూడండి. అందులో గింజలు కనీసం 25 శాతం ఉండాలి, పిండి 10 శాతం దాటకూడదు. ఆ మాట లేనివి ఎక్కువ పిండే. గుడ్డు ఉంటుంది, అక్కకి పనికిరాలేదు. విరిగిన ముక్కల సంచులు చవగ్గా అమ్ముతారు, రుచి అదే.

ఊరు దాటాలంటే

జర్మనీ టికెట్ నేనొచ్చినప్పుడు నెలకి 58 యూరోలు, 2026 జనవరి నుంచి 63. మీ యూనివర్సిటీలో విద్యార్థులకి తక్కువకి వస్తుందేమో ముందు అడగండి. దీంతో ప్రాంతీయ రైళ్ళు, బస్సులు, మెట్రో దేశమంతా ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి పెద్ద రైళ్ళెక్కితే చెల్లదు. ఇది చందా, తనంతట తను ఆగదు. ఏ నెలాఖరుతో ఆపాలో ఆ నెల 10లోపు రద్దు చెయ్యాలి. మా బ్యాచ్‌లో ఇద్దరు ఇండియా వచ్చేశాక ఒక నెల డబ్బు కట్టారు.

బాంబెర్గ్ గంటలోపే. నది మధ్యలో వంతెన మీద పాత టౌన్‌హాలు, పొగబెట్టిన బార్లీతో చేసే బీరు. ఒక గుక్క చప్పరించాను, కట్టెలపొయ్యి మీద మాడిన పాలలా ఉంది. రోథెన్‌బుర్గ్ అందంగానే ఉంటుంది, కానీ అక్కడ స్నోబాల్ అని అమ్మే తీపి మాత్రం కొనకండి. గవ్వల పిండిని రిబ్బన్లలా కోసి ఉండచుట్టి వేయించినట్టుంటుంది, గవ్వల రుచి మాత్రం ఉండదు.

ఇంటికి లెబ్‌కూఖెన్ తెచ్చేవాళ్ళు రేకు డబ్బాల్లోవి తీసుకోండి. క్రిస్మస్ అయ్యాక సూపర్‌మార్కెట్లలో ధర బాగా తగ్గుతుంది. ఇంటికొచ్చాక గట్టిపడితే స్టీలు డబ్బాలో ఒక ఆపిల్ ముక్క కూడా వేసి మూత పెట్టండి, మర్నాటికి మెత్తబడతాయి. ఆ ముక్క మాత్రం రోజూ మార్చండి. మా అమ్మ మర్చిపోయింది, మన ఎండలకి మూడో రోజుకే బూజు పట్టింది.